ఆయప్ప ముఖం

పోయినవాళ్ళ ముఖాలు గీయడం నా పని. ఈ మాట ఉన్నదున్నట్టు చెబితే కొత్తవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. అందుకని మదనపల్లెలో ఎవరైనా అడిగితే ఫొటోలు బాగుచేస్తానని చెప్పి ఊరుకుంటాను. మా ఆయన బట్టల కొట్టు మీద చిన్న గది నాది. కంప్యూటరు ముందు కూర్చుని, పలక లాంటి టాబ్లెట్ మీద ప్లాస్టిక్ పెన్నుతో, చెదలు తిన్న ఫొటోలకు ముక్కులూ చెవులూ గీస్తుంటాను. రేషన్ కార్డులోంచి కత్తిరించిన తాతకు కోటు తొడుగుతాను. బతికున్నన్నాళ్ళూ పక్కపక్కన నిలబడి ఒక్క ఫొటో దిగని మొగుడూ పెళ్ళాలను పోయాక ఒకే సోఫాలో కూర్చోబెడతాను. ఆ సోఫా ఎవరిదో నాకూ తెలియదు. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళ గోడల మీద అదే సోఫా ఉంటుంది.

అన్నిటికంటే కష్టం, అసలు ఫొటోనే లేనివాళ్ళు. కొన్నేళ్ళ కిందట రామకుప్పం అవతల ఒక పల్లె నుంచి ఒక అవ్వ, ఆమె పెద్దకొడుకు అట్లాంటి పని మీదే వచ్చారు. పుంగనూరులో ఫ్లెక్సీలు వేసే తమ్ముడు పంపించాడు. సొంత తమ్ముడు కాదు, పని నేర్చుకునే రోజుల నుంచి నన్ను అక్కా అని పిలుస్తాడు, అంతే. అవ్వ భర్త, పిల్లలకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయనకు ఒక్క ఫొటో కూడా లేదు. పెళ్ళికి ఫొటో తీసేవాణ్ణి మాట్లాడుకున్నారట గానీ అతను కుప్పంలో బస్సు తప్పిపోయి మరునాడు దిగాడట, వంట పాత్రలు తోముతుంటే. ఇప్పుడు కొడుకు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గోడకు నాన్న ఫొటో కావాలన్నాడు.

"ఫొటో లేకుండా ఫొటో ఎట్ల చేసేదప్పా?" అన్నాను.

"నా నొసలు మా నాయిన నొసలేనంట. మా తమ్ముని కండ్లు ఆయప్పవేనంట. బైరెడ్డిపల్లెలో మా మేనత్త ఉండాది, నోరూ గడ్డమూ అచ్చం ఆమె మాదిరేనంట. అందరినీ పిల్చుకోనొస్తా. నువ్వు కలిపెయ్యమ్మా" అన్నాడు, పప్పులో పోపు కలిపినంత తేలిగ్గా. ఆయప్ప అంటే మా వైపు ఆయన అని.

నిజంగానే అందరినీ పిల్చుకొచ్చాడు. గదిలో చోటు చాలక సగం మంది మెట్ల మీద కూర్చున్నారు. ఒక్కొక్కరినీ కిటికీ పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నాను. పెద్దకొడుకు నొసలు, చిన్నకొడుకు కళ్ళు, మేనత్త నోరు. మా పనిలో ఒక్కో ముక్కనూ ఒక్కో పొరగా పెడతాం, అద్దాల మీద బొమ్మలు గీసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. వాటి మీద రంగులు సరిచేసే పొరలు, నీడల పొరలు వస్తాయి. ఆ పై పొరలే ముగ్గురు మనుషుల ముక్కలను ఒక్క మనిషిగా చేస్తాయి.

అవ్వ నా కుర్చీ వెనక నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సెవులు ఇంగొంచెం బయటికమ్మా. ఆ... అంత గాదు. మీసం అట్ల నిండుగా యాడుండె? ఎడమ పక్క కొంచెం పలచన."

మేనత్త మధ్యలో దూరి, మా అన్న ఇంత నలుపు కాదంది. అవ్వ వెనక్కి తిరక్కుండానే, "నీకేం తెల్సు, నువ్వు పెండ్లై పోతివి. ఎండలో సేద్యం సేసింది ఈ ఆయప్పే" అంది. నాకు నవ్వొచ్చింది. గీస్తూ, చెరుపుతూ, మళ్ళీ గీస్తూ ఉన్నాను. ఒక దగ్గర ఎడమ కంటి రెప్పను కొంచెం కిందికి దించాను. వెనక మాట ఆగిపోయింది. తిరిగి చూస్తే అవ్వ కుర్చీ వెనక లేదు. కొంగు భుజం చుట్టూ లాక్కుని, పక్కకు తప్పుకుని, గోడ పక్కన తల కొంచెం వంచుకుని నిలబడి ఉంది. భర్త ఎదురుగా ఉన్నప్పుడు ఆ కాలం ఆడవాళ్ళు అట్లాగే నిలబడేవాళ్ళు.

"ఆయప్పే" అంది.

నా పనిలో అంతటి రోజు మళ్ళీ రాలేదు. ప్రింటు తీసి, అద్దం బిగించి ఇచ్చాం. మా పనివాళ్ళందరిలాగే నేను కూడా పూర్తయిన బొమ్మను ఉంచుకోలేదు, పొరల ఫైలు మాత్రం దాచాను. పొరలుంటే బొమ్మ ఎప్పుడైనా వస్తుంది, రెండూ దాచడం చోటు దండగ అని మా లెక్క.

ఇక కంప్యూటరు సంగతి. మేమంతా ఇన్నేళ్ళూ వాడింది దొంగ సాఫ్ట్‌వేరే. ఎవరో బెంగళూరు నుంచి తెస్తారు, ఒకరి నుంచి ఒకరికి పెన్‌డ్రైవులో వస్తుంది, దాంతోపాటు వైరసులు కూడా ఉచితంగా వస్తాయి. పుంగనూరు తమ్ముడి షాపులో ఒకసారి పెళ్ళి ఫొటోలన్నీ వైరసుకు తాళం పడిపోయి, పెళ్ళికూతురు నాన్న షాపు ముందు బైఠాయించాడు. తరువాత నా పాత కంప్యూటరులోని సిస్టమ్‌కు ఇక అప్‌డేట్లు రావన్నారు. కొత్తది ఎక్కించుకునే శక్తి ఆ కంప్యూటరుకు లేదన్నారు. బాగున్న మిషన్ను పారేయమంటే నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు దారి చూపింది తమ్ముడి షాపులో పరిచయమైన ఒక కుప్పం అమ్మాయి. చదువయ్యాక తోటివాళ్ళంతా బెంగళూరు రైలెక్కితే, ఆ అమ్మాయి ఇంట్లోనే కూర్చుని పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. తన లాప్‌టాప్‌లో మొదటి నుంచీ లినక్స్ అనే ఉచిత సిస్టమే.

"ఇది ఎవురిదీ గాదక్కా, అందరిదీ. లోపలేముందో ఎవురైనా సూడొచ్చు, మార్చుకోవచ్చు. బొమ్మలేసేవి కూడా అట్లాంటివే ఉండాయి. దొంగతనం చేసే పనే ల్యా" అంది.

ఆ చివరి మాట నాకు బాగా పట్టింది. పోయినవాళ్ళ ముఖాలు దొంగ సరుకుతో గీస్తున్నానే అని లోపల ఎక్కడో ముల్లులా ఉండేది.

ఒక ఆదివారం ముగ్గురం పుంగనూరులో తమ్ముడి షాపులో చేరాం. పాత పని అంతా ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, కంప్యూటర్లు రెండూ తుడిచి, కొత్త సిస్టమ్ పెట్టాం. తెర మీద గీతలు పరుగెడుతుంటే తమ్ముడు, "పెండ్లి సూపుల మాదిరి ఉండాదక్కా, ఒప్పుకుంటాదో లేదో" అన్నాడు. ఒప్పుకుంది. కానీ వాడే నిలబడలేదు. ప్రింటింగ్ వాళ్ళు అడిగే ఫైలు ఒకటి, ఇక్కడ వచ్చేది ఇంకొకటి. "నాకు బర్త్‌డే ఫ్లెక్సీలు నెత్తి మీద ఉండాయక్కా, నీతి సంగతి తరువాత సూద్దాం" అని వారం తిరక్కుండానే పాతదానికి పోయాడు.

నేను పోలేదు. మొండితనం మా పుట్టింటి ఆస్తి. మొదట్లో పెన్ను ఎంత నొక్కినా గీత ఒకే లావుగా వచ్చేది. నా చెయ్యి నాది కాదనిపించింది. ఇన్నేళ్ళ పని ఒక్కసారిగా చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టయి, పెన్ను పక్కన పడేసి ఏడ్చాను కూడా. కుప్పం అమ్మాయి ఫోన్లో చెబుతుంటే, తెర మీద తెరుచుకునే నల్లటి కిటికీలో అర్థం కాని మాటలు టైపు చేసేదాన్ని. ఒక చుక్క తప్పితే మళ్ళీ మొదలు. చివరికి పెన్ను మాట వింది. కుంచె ఒకటి దొరికింది, తడి గోడ మీద సున్నం వేసినంత మెత్తగా పోతుంది. పాతదానిలో అట్లాంటిది నేను చూడలేదు. సంతోషం పట్టలేక కింద కొట్టుకు చీరలు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పాను, ఇప్పుడు నా పనంతా న్యాయమైనదని. వాళ్ళు చీర రంగు పోతుందా లేదా అని అడిగారు. మా ఆయన మాత్రం, "అయితే ఇన్నాళ్ళూ దొంగతో కాపురం చేసినానా?" అన్నాడు.

ఇక్కడ నా ఎడమ చేతి గురించి చెప్పాలి. మదనపల్లెలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో పని నేర్చుకున్నదాన్ని. గంటల పని క్షణంలో చీకట్లో కలిసిపోతే ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. అందుకని మా వాళ్ళందరి ఎడమ చెయ్యీ సేవ్ మీటల మీదే కాపురం ఉంటుంది. కుడిచెయ్యి ఒక గీత గీస్తే ఎడమచెయ్యి సేవ్ కొడుతుంది. దాన్ని ఎవరూ అడగరు, అది ఎవరికీ చెప్పదు. ఇన్వర్టర్లు వచ్చిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

ఈ వానలకు పెద్దకొడుకు మళ్ళీ వచ్చాడు. గోడ చెమ్మెక్కి, ఫొటో అద్దానికి అతుక్కుపోయిందట. తుడుద్దామని ఊడదీస్తే ముఖమంతా అద్దానికే వచ్చేసింది. గుడ్డలో చుట్టి తెచ్చాడు. అద్దం మీద ముక్కలు ముక్కలుగా రంగు, కాగితం మీద భుజాలూ చొక్కా. సెల్‌ఫోన్లలో ఎక్కడన్నా ఉందేమోనని వెతికాం. ఉన్న ప్రతి ఫొటోలోనూ గోడ మీద ఆయన సగం పూలదండ కింద, మిగతా సగం ట్యూబులైటు వెలుగు కింద ఉన్నాడు.

"బిడ్డ పెండ్లి పెట్టుకోనుండామమ్మా. పెండ్లికి ముందర పెద్దలకు బట్టలు పెట్టాల గదా. మా యమ్మ పంచె, టవలు ఎప్పుడో కొని పెట్టుకోనుండాది. ఆయప్ప ముందర పెట్టినాకనే పెండ్లి పనంటాంది" అన్నాడు.

"దానికేముండాదప్పా? ఫైలుండాది. టీ తాగొచ్చేలోపల తీసిస్తా" అన్నాను.

హార్డ్ డిస్క్ తగిలించి ఫైలు తెరిచాను. తెర మీదికి వచ్చింది ఆయన కాదు. నొసలు ఎర్రగా, కళ్ళ చుట్టూ వేరే రంగు, ఆడమనిషి నోరు, నీడలన్నీ ముఖం దాటి మెడ మీదికీ గోడ మీదికీ పరుచుకుని ఉన్నాయి. పాత సాఫ్ట్‌వేరు తనకోసం తాను పెట్టుకున్న పై పొరలు ఈ కొత్తదానికి అర్థం కాలేదు. అర్థమైనవి ఉంచి, కానివి వదిలేసింది. ఏమైందో చూద్దామని ఒక పొరను జరిపాను. తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే అనుకుని ఓకే నొక్కాను. ఇంకో పొర జరిపాను. మళ్ళీ ఓకే. ఇక్కడ రావడం లేదు, పుంగనూరులో పాతదానిలో తెరుద్దామని డిస్కు తీసుకుని, పెద్దకొడుకు ఊరికి పోయే బస్సులోనే అతనితో పాటు బయలుదేరాను.

తమ్ముడి షాపులోనూ అదే ముఖం వచ్చింది. అదే ఆడమనిషి నోరు, అవే చెదిరిన నీడలు.

వాడు కాసేపు చూసి నా వైపు తిరిగాడు. "అక్కా, దీన్ని నీ దాంట్లో తెరిసినావా?"

"ఆ."

"సేవ్ గానీ కొట్టినావా?"

కొట్టలేదనే చెప్పబోయాను. అప్పుడు ఎడమచెయ్యి గుర్తొచ్చింది. పొర జరిపిన ప్రతిసారీ అది సేవ్ కొట్టింది, పై పొరలు పోతాయని తెర అడిగితే నేను ఓకే నొక్కాను. వాడు నాకు కుర్చీ జరిపి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, బయటికి పోయి నిలబడ్డాడు.

డిస్కు కుప్పం అమ్మాయికి పంపాం. పోయినవాటిని వెనక్కి తెచ్చే దారులు ఏమున్నాయో అన్నీ చూసింది. "పాతదాని మీదనే రాసేసింది అక్కా. కింద ఏమీ మిగల్లేదు" అని ఫోన్లో ఏడ్చింది. నేనే గదా నిన్ను ఇందులోకి దించింది అంటుంది. కాదమ్మా అంటూనే ఉన్నాను గానీ, అవును నువ్వే అని అరవాలని కూడా ఉంది. ఆ అమ్మాయి మంచే చేసింది. ఆ సిస్టమూ మోసం చెయ్యలేదు, ముందే అడిగింది. ఎవరిదీ కాని వస్తువును తిట్టాలంటే ఎవరిని తిట్టాలి? నాలుగు రోజులు మా ఆయన్ని తిట్టాను. ఆయన పాపం, కొట్టు కాస్త ముందే తెరవడం మొదలుపెట్టాడు.

ముక్కలు మాత్రం ఉన్నాయి. అవే నొసలు, అవే కళ్ళు, అదే నోరు. మళ్ళీ కలిపితే ఎందుకు రాడు అనుకున్నాను. కలిపాను. అచ్చం పెద్దకొడుకు వచ్చాడు. రంగు మార్చి, రెప్ప దించితే, ఎవరో బ్యాంకు మేనేజరు వచ్చాడు. ఇంకోసారి ఇంకెవరో వచ్చాడు, ముగ్గురి పోలికలూ ఉన్నాయి, మనిషి లేడు. రెప్ప ఎంత దించానో నాకు గుర్తు లేదు. అప్పుడు దించింది నా చెయ్యి, ఆపింది అవ్వ మౌనం. ఫోన్లో పంపిస్తే పెద్దకొడుకు ప్రతిసారీ ఒకటే మాట, "బాగుండాదమ్మా, కానీ మా నాయిన కాదు." అతను ఊహ తెలిశాక నాన్నను చూసింది నా ఫొటోలోనే. కాదనే హక్కు మాత్రం పూర్తిగా ఉంది.

మేనత్త పోయినేడే పోయింది. ఇక మిగిలింది అవ్వ ఒక్కతే. పెన్నూ టాబ్లెట్టూ సంచిలో వేసుకుని కుప్పం పోయి, ఆ అమ్మాయినీ ఆమె లాప్‌టాప్‌నూ వెంటబెట్టుకుని ఆటోలో పల్లెకు పోయాను. ముహూర్తం ముంచుకొచ్చి, పెళ్ళి పందిరికి గుంజలు పాతుతున్నారు. రాగి చేలో ఏనుగులు దిగాయని రాత్రంతా కాపలా కాసి వచ్చిన కొడుకులిద్దరూ ఎర్రబడిన కళ్ళతో వాకిట్లో నిలబడి ఉన్నారు. లోపల గోడ మీద ఫొటో ఉన్న చోట తెల్లటి చతురస్రం, దాని పైన మేకు. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. పెట్టెలోంచి తీసిన కొత్త పంచె, టవలు పక్కనే ఉన్నాయి.

నన్ను చూసి ముఖం విప్పారింది. "వస్తివా తల్లీ. నువ్వొస్తే ఆయప్ప వచ్చినట్లే" అంది.

లాప్‌టాప్ ఆమెకు ఎదురుగా పెట్టి, నేను కింద కూర్చుని పెన్ను పట్టుకున్నాను. "సూడవ్వా. యాడ తప్పుండాదో సెప్పు. అప్పుడు సెప్పినావే, అట్లనే" అన్నాను.

చాలాసేపు చూసింది. "బాగుండాది" అంది.

"సెవులు?"

"అట్లనే ఉండొచ్చు."

చెవులు బయటికి లాగాను. లోపలికి తోశాను. మీసం నిండుగా చేశాను, పలచన చేశాను. ప్రతిదానికీ ఊ అంది. గొంతులో విసుగు లేదు, అనుమానమూ లేదు. బడిలో లెక్క రాని పిల్ల, పంతులు ఏమంటే దానికి తల ఊపినట్టు ఊపుతోంది. ఆపరేషన్ చేయించుకున్న కళ్ళు, చూపు బాగానే ఉంది.

"కండ్లు మూసుకోని గుర్తు తెచ్చుకో అవ్వా" అన్నాను.

మూసుకుంది. వాకిట్లో గుంజలు పాతే చప్పుడు ఆగింది. కళ్ళు తెరిచాక నా వైపు చూడలేదు, తెర వైపు కూడా చూడలేదు.

"ఫొటో లేనప్పుడు కండ్లు మూస్తే సాలు, వస్తాండె ఆయప్ప. నడుస్తా వస్తాండె, కోపం జేస్తా వస్తాండె, ఎట్ల గావాలంటే అట్ల. నువ్వు ఫొటో ఇచ్చినాక ఆ ఫొటోనే రాబట్టె. అదీ ఆయప్పే గదా, బాగుండాడు గదా అని దాన్నే సూస్తా ఉంటి. ఇప్పుడు అదీ పాయ. మునుపటి ఆయప్పను ఎతుకుతాండా. రాలేదమ్మా."

కుప్పం అమ్మాయి లేచి బయటికి పోయింది. నేను పెన్ను పట్టుకునే కూర్చున్నాను. ఆయన్ని గోడ మీదికి తెచ్చానని ఇన్నేళ్ళూ గర్వపడ్డాను. ఆ ఫొటోతోనే ఆమె మనసులో ఉన్న ఆయన్ని తీసేసుకున్నానని ఎవరు చెప్పారు నాకు? ఇప్పుడు ఏం గీసి ఇవ్వాలి, ఏ పొరలో వెతకాలి?

అవ్వ వంగి, పెన్ను పట్టుకున్న నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే గదా తల్లీ అంత దగ్గరగా సూసింది. రెప్పలు, మీసాలు అన్నీ నీ సేతి మీద పోయినవే గదా. నువ్వు సెప్పు. ఎట్లుండె ఆయప్ప?"

నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ మాట చెప్పాలి. రెండో చెయ్యి కొత్త పంచె మడత మీద పెట్టుకుని అవ్వ నా జవాబు కోసం చూస్తోంది. గడపలో కొడుకులిద్దరూ నిలబడి నా వైపే చూస్తున్నారు, నాన్న ఎట్లా ఉండేవాడో నేను చెబితే వినాలని.